పట్టాభిరామయ్య సొంత గొంతు

మెట్లు ఎక్కుతున్నాడు కోదండం. చూడ్డానికి పాలరాతి మెట్లలాగే ఉన్నాయి గాని అడుగు వేసినప్పుడల్లా అట్టపెట్టె మీద కాలు మోపినట్టు డొల్లగా మోగుతున్నాయి, పక్కనున్న స్తంభాన్ని ఆసరాకి పట్టుకుంటే చేతికి తెల్లగా సున్నం అంటుతోంది, పైన వేలాడే దీపాల గుత్తి కింద నుంచి చూస్తే గాజు, దగ్గరికి వచ్చి చూస్తే ప్లాస్టిక్కు. ఎవరిదో జమీందారు గారి మేడ. ఇక్కడ తనకేం పనో అతనికి తెలియదు గాని రావలసిన చోటికే వచ్చానన్న ధీమా మాత్రం ఉంది. మెట్లు అయిపోయిన చోట గది ఉంటుందనుకుంటే గది లేదు, వెనకంతా కర్రలూ తాళ్ళూ మేకులూ, వాటి మధ్య ఒక ఇనప కుర్చీ, ఆ కుర్చీలో, చొక్కాకి రంగు అంటకుండా మెడ చుట్టూ తువ్వాలు దోపుకుని, అతని అన్నయ్య పట్టాభిరామయ్య కూర్చుని ఉన్నాడు.

అన్నయ్య పోయాడని కోదండానికి తెలుసు. కలలో కూడా తెలుసు. పిల్లల్లేని మనిషి కాబట్టి తలకొరివి పెట్టింది తనే, నెలనెలా మాసికం పెడుతున్నదీ తనే. అయినా ఆశ్చర్యం వెయ్యడం లేదు. పోయినవాళ్ళు ఎక్కడో ఒకచోట కూర్చుని ఉండాలి కదా, అన్నయ్య అయితే ఇట్లాంటి చోటే కూర్చుంటాడు, ముఖానికి రంగు వేసుకుని, ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తూ, అనిపిస్తోంది అంతే.

"రారా కోదండం. నిలబడ్డావేం, కూర్చో."

కోదండం చుట్టూ చూస్తాడు. పెదాలు కదిలింది అన్నయ్యవే గాని వచ్చిన గొంతు అన్నయ్యది కాదు. బావిలోంచి వచ్చినట్టు లోతుగా, అలమరలో గాజు సామాను గలగలలాడేంత బరువుగా ఉంది.

"ఎవరన్నయ్యా నీ వెనక?"

"నా వెనక ఎవరుంటార్రా, గోడే లేదు. ముందు కూర్చో."

మళ్ళీ అదే గొంతు. అన్నయ్య అసలు గొంతు కోదండానికి తెలియనిదా. పట్టాభిరామయ్యది భారీ విగ్రహం, గుమ్మం దాటాలంటే తల వంచాల్సిన ఎత్తు, మెలితిరిగిన మీసం, అప్పుడే నిద్రలేచినా ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుండే కళ్ళు. నోరు తెరిస్తే మాత్రం సన్నగా, మెత్తగా, కాస్త ముక్కులోంచి వచ్చే గొంతు. అది వాళ్ళమ్మ గొంతు, అన్నదమ్ములిద్దరికీ అదే వచ్చింది. కోదండం రైసుమిల్లులో గుమాస్తా కాబట్టి అతనికి దాంతో వచ్చిన చిక్కేమీ లేదు, శనివారం శనివారం గుడివాడలో రామభజన చేసుకోవడానికి బాగానే సరిపోయింది. చిక్కంతా పట్టాభిరామయ్యకే. మీసం రానన్నాళ్ళూ నాటకాల్లో ఆడవేషాలు వేసి మెప్పించాడు, ఒళ్ళు వచ్చాక మద్రాసు రైలెక్కాడు. అక్కడ విగ్రహం చూసి వేషం ఇచ్చేవాళ్ళు, గొంతు విని ముఖం తిప్పుకునేవాళ్ళు. సినిమాలో ముందు బొమ్మ తీస్తారు, మాటలు ఆనక చీకటి గదిలో తెర చూస్తూ చెప్పిస్తారు. ఆ చీకటి గదికి పట్టాభిరామయ్యని ఎవరూ పిలవలేదు. అతని పెదాల మీద ఇంకెవరో వచ్చి గొంతు పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. మద్రాసు నుంచి సినిమా హైదరాబాదు వచ్చింది, దాని వెనకే అతనూ వచ్చాడు, జడ్జీ, ఇన్‌స్పెక్టరు, గుడి ధర్మకర్త, విలను పక్కన నిలబడే మనిషి, ఏది ఇస్తే అది వేశాడు. ముఖం చూసి ఎక్కడో చూశామే అనేవాళ్ళు ఊరూరా ఉన్నారు. పేరు చెప్పగలిగినవాళ్ళు తక్కువ. గొంతు విన్నవాళ్ళు ఇంట్లోవాళ్ళే.

మొదటి సినిమా గుడివాడ వచ్చినప్పుడు వాళ్ళమ్మ వీధి వీధంతా వెంటేసుకుని వెళ్ళింది. తెర మీద కొడుకు కర్ర పుచ్చుకుని హుంకరించగానే, పక్కనున్న కోదండం మోకాలి మీద తట్టి, "వీడికి పడిశం పట్టినట్టుందిరా, మద్రాసు నీళ్ళు పడలేదేమో, మిరియాల కషాయం పెట్టుకోమని రాయి" అంది. ఆ తర్వాత ఎన్ని సినిమాలు వచ్చినా ఆమె లెక్కలో కొడుకు పడిశం తగ్గనే లేదు.

"అమ్మ కనపడిందా అన్నయ్యా?" అని అడుగుతాడు కోదండం, కర్రల మధ్య ఎక్కడ కూర్చోవాలో తెలియక ఒక మూట మీద కూర్చుంటూ.

"కనపడింది. పడిశం తగ్గిందా అనడిగింది."

ఈసారి గొంతు మారింది. చుట్ట తాగే మనిషి గొంతులా బొంగురుగా ఉంది, చివర ఒక చిన్న దగ్గు కూడా ఉంది. అన్నయ్య జన్మలో పొగ తాగలేదు.

"చచ్చిపోవడం కష్టంగా ఉందా?" అని అడగకూడనిదేదో అడిగినట్టు నెమ్మదిగా అడుగుతాడు.

"నాకు అలవాటే గదరా. కత్తితో చచ్చాను, లారీ కింద చచ్చాను, హీరోకి తండ్రినై పెళ్ళిపీటల మీద గుండె పట్టుకుని చచ్చాను. చచ్చిన ప్రతిసారీ షాటు అయిపోగానే, లేవండి పట్టాభిగారూ, కెమెరా వంక చూసి ఒకసారి నవ్వండి అనేవాళ్ళు, దిష్టి తగలకూడదని. నవ్వితే గుమ్మడికాయ కొట్టి, టీ ఇచ్చేవాళ్ళు." పట్టాభిరామయ్య తువ్వాలు అంచుతో నుదుటి మీద చెమట అద్దుకుంటాడు. "ఈసారి ఎవరూ నవ్వమనలేదు. అదొక్కటే కొత్తగా ఉంది."

 కోదండం మాట మార్చాలని, "మరి ఇక్కడేం చేస్తున్నావు?" అంటాడు.

"ఎప్పుడూ చేసేదే. పిలుస్తారని కూర్చున్నా."

"రాముడు కనపడ్డాడా అన్నయ్యా?"

"దూరంగా ఎవరికో హారతి ఇస్తున్నారు, చప్పట్లు వినపడుతున్నాయి. నేను వెనక వరసలో ఉన్నాను గదా, ఇక్కడి నుంచి ఏమీ కనపడదు. పిలిచినప్పుడు వెళ్తాను. నువ్వు రోజూ పిలుస్తావు, నువ్వు చెప్పు, ఆయన ఎట్టా ఉంటాడో."

కోదండం జవాబు చెప్పబోయి, చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదని గమనించి ఊరుకుంటాడు. ఇన్నేళ్ళ భజన, ఇన్ని శ్రీరామనవములు, అడిగితే ఒక్క మాట లేదు. ఇంతలో ఇనప కుర్చీ కదులుతుంది, మూట కదులుతుంది, చూస్తే ఇద్దరూ సినిమా కంపెనీ వ్యానులో పక్కపక్క సీట్లలో కూర్చుని ఉన్నారు. కిటికీలోంచి మద్రాసు సముద్రం కనపడుతోంది, సముద్రం ఒడ్డున గుడివాడ బస్టాండు, బస్టాండు దాటగానే కృష్ణానగర్ సందు, ఆ సందులో పొద్దున్నే వేషాల కోసం నిలబడ్డ జనం, వాళ్ళలో పోలీసు బట్టల్లో ఉన్న ఒకాయన పెళ్ళికొడుకు బట్టల్లో ఉన్న ఒకాయనకి ఇడ్లీ సగం తుంచి ఇస్తున్నాడు.

"మీ వదిన ఎట్టా ఉందిరా?"

"ఉంది. తింటోంది, పూజ చేసుకుంటోంది. టీవీలో నీ సినిమా వస్తే శబ్దం తీసేసి చూస్తోంది."

"ఎందుకట?"

"నేనడగలేదు."

వ్యానులో పట్టాభిరామయ్య కిటికీ వైపు తిరిగి కూర్చుంటాడు. చాలాసేపు అతని ముఖం కనపడదు. కోదండం అన్నయ్య మెడ వెనక భాగం చూస్తూ, అడగాల్సింది ఇప్పుడే అడగాలి, ఈ వ్యాను ఎక్కడ ఆగిపోతుందో తెలియదు, అనుకుంటాడు.

అడగాల్సింది ఏమిటంటే, హిమజ సినిమా సంగతి. హిమజ అని ఒక పిల్ల, ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా స్నేహితుల్ని పోగేసుకుని సొంతంగా ఒక సినిమా తీసింది. పెద్ద హీరో లేడు, పాటలు లేవు. కృష్ణ లంకల్లో ఏరు కోసేసిన ఒక పల్లెకి చాలా ఏళ్ళ తర్వాత తిరిగొచ్చే ముసలాయన కథ. ఆ ముసలాయన వేషానికి పట్టాభిరామయ్యని అడగడానికి వచ్చి, ఆయన మాట్లాడుతుంటే విని, "మీ గొంతే కావాలండీ, ఈ ముసలాయనకి ఇలాంటి గొంతే ఉంటుంది" అంది. ఆ రోజు పట్టాభిరామయ్య తమ్ముడికి ఫోన్ చేసి, చెప్పిన సంగతే మళ్ళీ మళ్ళీ చెప్పాడు. వదిన పరమాన్నం వండింది. షూటింగు అయిపోయింది. గొంతు చెప్పాల్సిన రోజు ఇంకా కొంచెం దూరం ఉండగా పట్టాభిరామయ్యకి పక్షవాతం వచ్చింది, మాట పడిపోయింది, ఆసుపత్రిలో కొద్ది రోజులుండి, ఒక్క మాటయినా చెప్పకుండానే వెళ్ళిపోయాడు. కోదండం ఆ రోజుల్లో మంచం పక్కన కూర్చుని అన్నయ్య చెవిలో రామనామం చెబుతూనే ఉన్నాడు. పెదాలు ఒకటి రెండుసార్లు వణికాయి. రామ అన్నాడో, మరేమన్నాడో, అసలు విన్నాడో లేదో ఇప్పటికీ తెలియదు.

పదకొండో రోజున వచ్చిన హిమజ, భోజనాల దగ్గర కోదండం మాటలు విని చేతిలో విస్తరి పట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత కొన్నాళ్ళు ఆగి అడిగింది, అన్నయ్య మాటలు మీరు చెబుతారా అని. అంతవరకూ అయితే కోదండం ఎలాగో సరిపెట్టుకునేవాడే. చివరి సీనుతో వచ్చింది పేచీ. ముసలాయన ఎవరూ లేని తన పాత ఇంటి అరుగు మీద కూర్చుంటాడు. కాగితం మీద అక్కడ మాటలేవీ లేవు. కాని షాటు నడుస్తుండగా పట్టాభిరామయ్య తనంతట తనే గుమ్మం వైపు తిరిగి లోపలికి ఏదో అన్నాడు. ఏమన్నాడో రికార్డు కాలేదు. పక్క పొలంలో ఆయిలింజను మోగుతోంది, దాని చప్పుడు తప్ప ఏమీ వినపడదు. గొంతు చెప్పించేటప్పుడు ఆయన్నే అడుగుదాంలే అనుకుంది హిమజ. అడిగే వేళకి ఆయన లేడు. ఆ ముక్క ఫోనులో వేసి వదినకీ కోదండానికీ చూపించింది. పెదాలు రెండుసార్లు కలిసి విడతాయి. వదిన చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. కోదండం మాత్రం, "రామ రామ అన్నాడమ్మా" అన్నాడు. "ఆ రెండిటికీ మధ్య కొంచెం ఎడం ఉందండీ" అంది హిమజ. "భగవంతుణ్ణి తలుచుకునేవాడు ఆగి ఆగి తలుచుకుంటాడమ్మా" అన్నాడు. సరేనంది. ఈ సాయంత్రం కారు పంపుతుంది. ఈ సాయంత్రం తర్వాత అన్నయ్య పెదాల మీద ఏ మాట పెడితే అదే ఆయన ఆఖరి మాట, ఇక దాన్ని మార్చడానికి ఎవరూ ఉండరు.

"అన్నయ్యా, ఆ అరుగు మీద ఏమన్నావు?"

పట్టాభిరామయ్య ఇటు తిరుగుతాడు. "ఏ అరుగు?"

"లంకలో. హిమజ సినిమాలో. చివర."

"ఓ, అదా. ఆ పిల్ల మంచిదిరా, నన్ను పేరు పెట్టి పిలిచి షాటు చెప్పేది. జడ్జిగారూ ఇటు రండి, ఇన్‌స్పెక్టరుగారూ జరగండి అని ఏనాడూ అనలేదు." ఈసారి గొంతు ఎవరో కుర్రవాడిది, హుషారుగా, నాజూగ్గా ఉంది, ఆ మీసాల ముఖానికి అసలు అతకడం లేదు. కోదండానికి ఏడుపొస్తుంది.

"నీ గొంతుతో చెప్పన్నయ్యా. ఒక్కసారి నీ గొంతుతో మాట్లాడు."

"అది నా దగ్గరుంటే గదరా. వచ్చేటప్పుడు వెతికాను. మీ ఇంట్లోనే ఉండిపోయినట్టుంది, చూడండి."

"రామ అన్నావు గదూ?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"రామ అనే అనుకుంటున్నాను. ఆ మాటే చెబుదామనుకుంటున్నాను. ఆసుపత్రిలో నీ నోట అది రాలేదు. కనీసం ఇట్టాగయినా రానియ్యి. అది చూసినవాళ్ళందరూ నీ నోట రామనామం వింటారు, ఊరూరా వింటారు, అదంతా నీ ఖాతాలో పడదా?"

"పడుతుందంటావా?"

"నాకేం తెలుసు. పడాలని ఉంది."

"మరి నేను అది అనలేదనుకో. అప్పుడు?"

 అదే కోదండాన్ని ఇన్ని రోజులుగా లోపల తొలిచేస్తున్నది. మనిషి అనని మాటని దేవుడి పేరయినా సరే అతని నోట్లో పెట్టవచ్చునా. పెడితే ఆ పుణ్యం ఎవరికి వస్తుంది. బతికినన్నాళ్ళూ పరాయివాళ్ళ గొంతు మోసిన పెదాల మీద, పోయాక తమ్ముడు కూడా తనకి కావలసిన మాట పెట్టేసి చేతులు కడుక్కుంటే, ఆ అట్టల మేడలు కట్టే సినిమావాళ్ళకీ తనకీ తేడా ఏముంది.

"రాముడికయితే నేను అనకపోయినా వినపడుతుందిలేరా," అంటాడు పట్టాభిరామయ్య, నవ్వుతున్నట్టే గాని నవ్వు కాదు. "ఆయన సంగతి వదిలెయ్. నేనన్నది ఆయనతో కాదు."

"మరెవరితో?"

వ్యాను ఆగిపోతుంది. తలుపు ఎవరూ తీయకుండానే తెరుచుకుంటుంది, దిగితే కాలికింద ఇసక. ఏరు పక్కనే ఉంది, చప్పుడు చెయ్యకుండా గట్టు కోసుకుంటూ పోతోంది, చూస్తుండగానే ఒక ముక్క నీళ్ళలోకి జారిపోతుంది. ఎవరూ లేని పెంకుటిల్లు. ఎదురుగా హిమజ, ముఖం స్పష్టంగా లేదు, ఎండ పడ్డ అద్దంలా మెరుస్తోంది, చెయ్యి ఎత్తి నిలబడింది. పట్టాభిరామయ్య మెడలో తువ్వాలు తీసి తమ్ముడి భుజం మీద వేసి, వెళ్ళి అరుగు మీద కూర్చుంటాడు. కూర్చోగానే ఆ భారీ మనిషి కాస్తా చిన్నగా, ముసలిగా, ఎండకి వాడినట్టు అయిపోతాడు. ఇది నటనేనా, లేక ఇన్నాళ్ళూ చేసింది నటనా అని కోదండానికి సందేహం వస్తుంది. ఇంత బాగా కూర్చోవడం ఎవరికి తెలుసు. దీన్ని ఎవరు చూశారు.

ఎక్కడో ఆయిలింజను మొదలవుతుంది. డబడబడబ.

"ఆపండి దాన్ని," అంటాడు కోదండం, ఎవరితోనో. ఎవరూ ఆపరు. చేలోకి పరుగెత్తుదామనుకుంటాడు, కాళ్ళు ఇసకలో కూరుకుపోతున్నాయి. పట్టాభిరామయ్య చేత్తో మెడ తుడుచుకుంటాడు, ఎండని చూస్తాడు, ఎండిన పెదాలు ఒకసారి నాలుకతో తడుపుకుంటాడు, అప్పుడు, చాలా మామూలుగా, రోజూ చేసే పనిలా, గుమ్మం వైపు తల తిప్పుతాడు. పెదాలు కదులుతాయి. డబడబడబ.

"వినపడలేదన్నయ్యా. ఇంకోసారి."

పెదాలు మళ్ళీ కదులుతాయి. ఒకసారి కలిశాయి. కాస్త ఎడం. మళ్ళీ కలిశాయి. అందులో ప్రార్థన ఏమీ లేదు. కళ్ళు పైకి పోలేదు, చేతులు జోడించలేదు. లోపల ఎవరో ఉన్నారని, వాళ్ళు వింటారని, విని వస్తారని బాగా తెలిసిన మనిషి ముఖం అది.

"ఇంకోసారి అన్నయ్యా, ఒక్కసారి."

కోదండం ఎలాగో అరుగు దాకా వచ్చి అన్నయ్య పక్కన కూలబడతాడు. చిన్నప్పుడు గాలివాన రాత్రుల్లో పడుకున్నట్టు ఆనుకుని కూర్చుంటాడు. చెయ్యి చాచి అన్నయ్య గొంతు మీద పెడతాడు. అక్కడ ఏదో చిన్నగా అదురుతోంది, బోనులో పిట్ట కదిలినట్టు. అది తన చేతిలోకి వస్తోంది, మోచేతిలోకి వస్తోంది, అన్నయ్య పెదాలు మళ్ళీ కదిలేసరికి తన పెదాలు కూడా వాటితోబాటే కదులుతాయి, గుమ్మం వైపు తన తల కూడా తిరుగుతుంది, ఎండకి తన నాలుక కూడా పిడచగట్టుకుని ఉంది, రామ అందామని నోటి దాకా తెచ్చుకున్న మాట అక్కడే ఆగిపోయి, దాని పక్క నుంచి ఇంకో మాట, ఎప్పుడూ తను అనని మాట, బయటికి వచ్చేస్తుంది.

"ఏమే, కాసిని మంచినీళ్ళు."

తన చెవికే వినపడి కోదండానికి మెలకువ వచ్చింది.

హైదరాబాదు కృష్ణానగర్లో అన్నయ్యా వదినా ఉండే వాటా. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన మడత మంచం. కరెంటు పోయి పంకా ఆగిపోయి ఉంది, ఒళ్ళంతా చెమట, కింద జిరాక్సు కొట్టువాడు జనరేటరు వేసినట్టున్నాడు, డబడబమని ఒకటే మోత. తనేమన్నాడో కోదండానికి అప్పటికి గాని తెలియలేదు. సొంత భార్యనే పేరు పెట్టి పిలిచే మనిషి, వదిన ఉన్న ఇంట్లో ఏమే అని పిలిచాడు. సిగ్గుతో లేచి కూర్చునేలోగానే వంటింట్లోంచి జవాబు వచ్చింది.

"ఆఁ, తెస్తున్నానండీ. లేచారా?"

బిందెలో గ్లాసు ముంచిన చప్పుడు. కాళ్ళ చప్పుడు, గబగబా నాలుగు అడుగులు. అంతలో అది ఆగిపోయింది. జనరేటరు మోత తప్ప ఇంకేమీ లేదు.  ఇంట్లో ఒక మనిషి గోడకి అవతల నిలబడి ఉందని తెలుస్తూనే ఉంది.

చాలాసేపటికి వదిన మాణిక్యం గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గ్లాసు నిండా నీళ్ళు. కళ్ళల్లో నీళ్ళు లేవు.

"నువ్వా కోదండం," అంది.

"నేనే వదినా. నిద్రలో ఏదో అన్నాను. ఏమీ అనుకోవద్దు."

"ఏదో కాదు. అట్టాగే అనేవారు. షూటింగు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చుని, లోపలికి తిరిగి." ఆమె కాళ్ళ దగ్గరున్న గడప వంక చూసింది. "ఆ పిల్ల ఫోనులో చూపించినప్పుడే తెలిసింది నాకు."

"మరి చెప్పలేదేం వదినా?"

"నువ్వు రామ అన్నాడన్నావు. పుణ్యం మాట. అంత మాట కాదని, మంచినీళ్ళు అడిగాడని ఎట్టా చెప్పను? ఆయన సద్గతి నీ చేతుల్లో ఉంది, కర్మ చేసేవాడివి నువ్వు. నేను ఊరుకున్నాను."

కోదండం తల వంచుకున్నాడు. కింద రోడ్డు మీద ఏదో కారు వచ్చి ఆగింది, హిమజదో కాదో తెలియదు, ఇద్దరూ కిటికీ దాకా వెళ్ళి చూడలేదు. అతను మంచం దిగి, గోడకి ఉన్న పటాల వైపు ఒకసారి దణ్ణం పెట్టి, కండువా భుజాన వేసుకున్నాడు.

"వెళ్తాను వదినా. అదే చెబుతాను."

"చెప్పు." ఆమె దారి ఇవ్వలేదు. గుమ్మంలోనే నిలబడి ఉంది. "వెళ్ళే ముందు ఇంకొక్కసారి అను కోదండం. నేను లోపలికి వెళ్తాను. అప్పుడను."

అని, నీళ్ళ గ్లాసు అలాగే పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కోదండం గడప మీద కూర్చున్నాడు. లోపలికి తల తిప్పాడు. వంటింట్లో గాజుల చప్పుడు కూడా లేదు, ఆవిడ ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తోందని తెలుస్తోంది.

అతను అన్నాడు.